మేడం చేతులు

ఆ శనివారం పొద్దున జెస్విన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఆబిడ్స్‌లో తన కిరాయి గది కింద ఉన్న ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ ‘గాజుల బంగళా’ కథ గబగబా చదివేసి, నాంపల్లిలోని ఆఫీసుకు వెళ్లి, ఎప్పుడో చదివినవాడిలా మొహం పెట్టి కూర్చోవాలి. బాపట్ల నుంచి వచ్చి, ఫోన్ గేములు తయారుచేసే ఆ చిన్న కంపెనీలో చేరాడు గానీ ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అవుతుందో, పెట్టె సర్దుకోవాల్సి వస్తుందో ఆరోజే తేలుతుంది.

‘గాజుల బంగళా’ వాళ్ల కంపెనీ తయారుచేసిన దయ్యాల గేము. ఒక్కో గది దాటినప్పుడల్లా ఒక్కో బిరుదు వస్తుంది. గదికీ గదికీ మధ్య కథ అక్షరాల్లో నడుస్తుంది. చదివే ఓపిక లేనివాళ్ల కోసం మూలన ‘దాటవేయి’ అని ఒక మీట ఉంటుంది. జెస్విన్ పనల్లా గేము ఆడటం, కథ చదవడం, బిరుదులు సరిగ్గా వస్తున్నాయో లేదో చూడటం. బిరుదులన్నీ వచ్చాయి. కథ మాత్రం ఒక్క ముక్క చదవలేదు. బద్ధకం వల్ల కాదు, భయం వల్ల. దయ్యం అన్న మాట వింటేనే అతనికి కాళ్లు చల్లబడతాయి. సౌండు తీసేసి, కళ్లు సగం మూసుకుని గదులు ఎలాగో నెట్టుకొచ్చాడు గానీ, అక్షరాలు కనపడగానే వేలు దానంతటదే ‘దాటవేయి’ మీదికి పోయేది. పోగాపోగా అది అలవాటైపోయింది. ఇంటినుంచి అమ్మ పంపే వాయిస్ మెసేజీలు కూడా చివరి రెండు ముక్కలే వింటున్నాడు.

మొన్న ఆఫీసులో ఆ మీట మీదే పెద్ద రగడ జరిగింది. పక్క సీటు దుర్గేష్ తను కథంతా దాటేశానని బాహాటంగానే చెప్పాడు.

"ఆడినోనికే బిరుదు మేడం. సినిమాకు టికెట్ కొన్నోడు నడుమ నిద్రపోయిండని గేటు కాడ ఆపుతమా?"

మాబెల్ మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆ కథ రాసింది ఆవిడే, కంపెనీ కూడా ఆవిడదే.

"అన్నం ముట్టకుండ చెయ్యి కడుక్కొని భోంచేసిన అంటే ఏం న్యాయం దుర్గేష్? కథ దాటేసి బిరుదు తీసుకునుడు దొంగతనమే. మన జెస్విన్‌ని చూడు, మొత్తం చదివి తీసుకున్నడు. శనివారం కథంతా తనే చెప్తడు. ఎక్కడెక్కడ భయమైందో చెప్తడు. పర్మనెంట్ సంగతి ఆ తర్వాతనే."

జెస్విన్ తల ఊపాడు. అంత పొగిడాక ఊపకుండా ఎలా ఉంటాడు?

అలా ఇరానీ హోటల్లో కూర్చుని, జీవితంలో మొదటిసారి, ‘దాటవేయి’ని వేలితో కప్పేసి చదవడం మొదలుపెట్టాడు. బంగళాలో కనకమ్మ అనే దయ్యం ఉంటుంది. దానికి గాజుల చేతులంటే పిచ్చి. ఎవరినైనా చంపిందంటే వాళ్ల చేతులు తీసుకుపోయి, తర్వాత చావబోయే మనిషి సంచిలో పెడుతుంది. ఆ మనిషి ఏమీ తెలియక సంచి తగిలించుకుని తిరుగుతుంటాడు. నడిచినప్పుడల్లా సంచిలోంచి గాజులు గలగలమంటాయి. మూడో అధ్యాయం అయ్యేసరికి జెస్విన్ చాయ్ చల్లారిపోయింది, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. సంచిలోంచి ఒక వేలు బయటికొచ్చిందన్న వాక్యం దగ్గర ఫోన్ చేతిలోంచి జారి సాసర్లో పడింది.

దాన్ని తుడుస్తుండగా వాయిస్ మెసేజ్ వచ్చింది. ఆఫీసు ఊడ్చే పోశవ్వ పంపింది. చాలా పొడుగ్గా ఉంది. అలవాటు ప్రకారం చివరికి జరిపి విన్నాడు.

"...మేడం చేతులు నీ సంచిల ఉన్నయ్ బిడ్డా. ఎవ్వలకియ్యకు, జల్ది పట్కరా. ఆమె మెట్ల మీద కూసున్నది, ఉలుకు లేదు పలుకు లేదు."

జెస్విన్ పైప్రాణాలు పైనే పోయాయి. పక్క కుర్చీలో తన నల్ల సంచి ఉంది. కంపెనీలో అందరికీ అలాంటివే ఇచ్చారు. దాన్ని మెల్లిగా కదిపాడు. లోపల గలగలమంది. జిప్పు రెండంగుళాలు లాగి లోపలికి చూశాడు. లంచ్ బాక్స్ పక్కన, గోధుమరంగులో, నిండుగా, అయిదు వేళ్లు కనపడ్డాయి.

జిప్పు మూసేశాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. తెరమీద ‘మాబెల్ మేడం’ అని ఉంది. చేతులు ఇక్కడుంటే ఆవిడ ఫోన్ ఎలా చేస్తోంది? ఆ ఆలోచన రాగానే అతనికి చెమటలు కూడా ఆగిపోయాయి. ఫోన్ కట్ చేశాడు. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేశాడు. చేతులు లేకపోయినా ఆవిడ వదిలే రకం కాదు.

చాయ్ డబ్బులు టేబుల్ మీద పడేసి బయటికొచ్చాడు. పోలీసుల దగ్గరికి వెళ్దామంటే, సంచి తనది, లోపలున్నవి ఆవిడవి. తనే చంపాడనుకుంటారు. చర్చిలో చిన్నప్పుడు నేర్చుకున్న ప్రార్థన సగం గుర్తొచ్చింది, మిగతా సగం రాలేదు. జీపీఓ దగ్గర బస్టాపులో జనం మధ్య నిలబడి, సంచిని మెల్లిగా బెంచీ కిందికి తోసి, ఏమీ ఎరగనట్టు నడక సాగించాడు. పది అడుగులు వేశాడో లేదో వెనకనుంచి కేక వినపడింది.

"ఓ బిడ్డా! సంచి మర్సినవ్!"

పల్లీలమ్మే ముసలాయన బిచ్చయ్య, బండి వదిలేసి, సంచి ఊపుకుంటూ వస్తున్నాడు. సంచి గలగలమంటోంది. జెస్విన్ పరుగందుకున్నాడు. ముసలాయన కూడా పరుగందుకున్నాడు. ఒకడు ఉరుకుతుంటే, సంచితో ఇంకొకరు వెంటపడుతుంటే చూసేవాళ్లు ఊరుకుంటారా? "దొంగ, దొంగ" అన్నారు. దొంగ ముందున్నవాడో వెనకున్నవాడో ఎవరికీ తెలియలేదు. సిగ్నల్ దగ్గర మోటార్‌సైకిల్ పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ రాజమల్లు చెయ్యి చాపి ముందున్నవాణ్ణి ఆపాడు. బిచ్చయ్య రొప్పుతూ సంచి జెస్విన్ చేతికిచ్చి, బండి దగ్గర పల్లీలు ఎవరెత్తుకుపోతారోనని వెంటనే వెనక్కి తిరిగాడు.

"ఏం తమ్మీ, నీ సంచి నువ్వే ఇడిసిపెట్టి ఉరుకుతున్నవేంది? ఏమున్నయ్ దీంట్ల?"

ఇక దాచే శక్తి జెస్విన్‌కు లేకపోయింది.

"చేతులు సార్," అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. తాళం తీసేదాన్ని బాపట్లలో తాళం చెవి అంటారు. అక్కడ తాళానికి చెవులుంటాయి. తెలంగాణలో తాళానికి చేతులుంటాయి. తాళం చేతులంటారు, తొందరలో ఉంటే ఉత్త చేతులనే అంటారు. రాజమల్లు పుట్టి పెరిగింది సిద్దిపేట పక్కన. జెస్విన్‌కు ఎవరి మాటా పూర్తిగా వినే అలవాటు లేదు కాబట్టి ఈ ముక్క అతని దాకా రాలేదు.

"ఎవలియి?"

"మా మేడంవి సార్."

"మరి ఆమెకియ్యక ఈడ పడేస్తున్నవేంది? చేతులు లేకుంటె ఆమె ఎట్ల జేస్తది పాపం?"

"నేను తీయలేదు సార్! ఎవరో నా సంచిలో పెట్టేశారు!"

"పెడ్తరు తమ్మీ. గాబరల ఎవలియి ఎవలి సంచిలనో పెడ్తరు. గా మాత్రానికి ఏడుస్తరా? మా స్టేషన్‌కొచ్చి సూడు, గోడ నిండ మేకులకు ఏలాడుతుంటయ్. ఏది ఎవలిదో మాకే తెల్వది."

జెస్విన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "గోడకా సార్?"

"ఔ. పోయినా ఫికర్ లేదు. బేగం బజార్ల డూప్లికేట్ చేసిస్తరు. కొత్తల జర బిగుతుగుంటయ్, ఆకురాయి వెట్టి రాకితె మంచిగ కూసుంటయ్. మీ మేడం ఏడుంటది?"

"నాంపల్లిలో సార్. మెట్ల మీద ఉందట."

"అయ్యో, బయటనే ఉన్నదా? ఎక్కు బండి. నేనూ గటే పోతున్న."

ఈ నగరంలో పోలీసులే ఇలా ఉంటే ఇక తనకు దిక్కెవరని జెస్విన్‌కు ఏడుపొచ్చింది. సంచి ఒళ్లో పెట్టుకుని బండి వెనక కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా సంచి గలగలమంది, ప్రతిసారీ అతను కళ్లు మూసుకున్నాడు.

ఆఫీసు పాత బిల్డింగులో మూడో అంతస్తు. తలుపు ముందు మెట్ల మీద మాబెల్ మేడం కూర్చుని ఉంది. మెడ దాకా శాలువా కప్పుకుంది. చేతులు కనపడటం లేదు. ఆవిడ జెస్విన్‌నే చూసింది. పక్కన పోశవ్వ, పై మెట్టు మీద దుర్గేష్ ఉన్నారు. జెస్విన్ ఆవిడ కాళ్ల ముందు కూలబడ్డాడు.

"మేడం, నన్ను క్షమించండి! నేను కథ చదవలేదు. అంతా దాటేశాను. ఆ బిరుదులు నావి కావు. దయ్యాలంటే నాకు చచ్చేంత భయం. ఉద్యోగం తీసేయండి మేడం, ప్రాణం మాత్రం వదిలేయండి!"

శాలువాలోంచి ఒక చెయ్యి మెల్లిగా బయటికొచ్చి సంచి వైపు సాగింది. జెస్విన్ పెట్టిన కేకకు కింది అంతస్తు దర్జీ కూడా పైకొచ్చాడు. మేడం సంచిలోంచి ఎండకు స్కూటర్ మీద వేసుకునే గోధుమరంగు గ్లౌజులు తీసి, విదిలించింది. ఒకదాంట్లోంచి తాళం చెవుల గుత్తి, రెండోదాంట్లోంచి ఉండలు చుట్టిన చేతిరుమాళ్లు రాలాయి.

"మొత్తం చెప్పిన గద బిడ్డా!" అని పోశవ్వ తన ఫోన్లో మెసేజీ మొదటినుంచి పెట్టింది.

"నేనే బిడ్డా, పోశవ్వను. నిన్న సదురుతుంటె టేబుల్ మీద మేడం గ్లౌజులు కనవడ్డయ్. తాళం చేతులు పోకుండ ఆమె అండ్లనే కుక్కి పెడ్తది. నీ సంచి ఆమె సంచనుకొని దాంట్ల ఏసిన. ఆమె స్కూటర్ రిపేర్‌కిచ్చి ఆటోల పోయింది, సూసుకోలే. నొక్కితె పడే తాళమాయె, నేను నొక్కి పోయిన. ఇప్పుడు అందరం బయటనే ఉన్నం..."

రాజమల్లు గోడకానుకుని నవ్వుతున్నాడు. దుర్గేష్ మెట్ల మీద దొర్లుతున్నాడు. మేడం నవ్వలేదు.

"అంటే కథ చదవలేదు."

"లేదు మేడం."

"బిరుదులు?"

"తీసేయండి మేడం. న్యాయం కాదు."

"తీసేస్త. మరి గ్లౌజులు చూసి గింత భయమెందుకైంది?"

"ఇవాళ పొద్దున మూడు అధ్యాయాలు చదివాను."

మేడం లేచి నిలబడింది. కళ్లజోడు తీసింది, మళ్లీ పెట్టుకుంది.

"మూడే? మూడు చదివినందుకే ఆబిడ్స్ నుంచి పోలీసాయనతోని వచ్చినవా? మా ఆయన అయిదో పేజీల గుర్రు పెట్టిండు. ఇంకొకరు నవ్వొచ్చిందన్నరు. కథ మొదలుపెట్టిన కాంచి ఒక్కరు... ఒక్కరు కూడ భయపడలే జెస్విన్."

అలా జెస్విన్ ఉద్యోగం ఆ మెట్ల మీదే పర్మనెంటయింది. అతని బిరుదులన్నీ తీసేశారు. రాబోయే దయ్యాల గేములన్నిట్లో ప్రతి వాక్యం అందరికంటే ముందు చదవడమే ఇకనుంచి అతని పని. సంతోషించాలో ఏడవాలో తెలియక అతను థాంక్యూ అన్నాడు.

గేములో ‘దాటవేయి’ మీట అలాగే ఉంది. కొత్తగా ‘ఉరికినోడు’ అనే బిరుదొకటి చేరింది. కథ చదువుతూ చదువుతూ భయంతో ఫోన్ విసిరేసినవాళ్లకే అది వస్తుంది. దాని కోసం దుర్గేష్ ఇప్పటికి రెండు ఫోన్లు పగలగొట్టుకున్నాడు గానీ, కథ మాత్రం ఇంకా చదవలేదు.