వారానికో మూర రాధామనోహరం

ఆ రోజు పొద్దున్న అమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, వంటింటి కిటికీ పక్కన రాధామనోహరం తీగ నాటడం, అది పిట్టగోడ దాకా పాకి గుత్తులు గుత్తులుగా పూస్తుంటే కింద కుర్చీ వేసుకుని కూర్చోవడం. కాపురానికి వచ్చి నెలైనా కాలేదు కాబట్టి, ఇవన్నీ ఒకే పూటలో అయిపోతాయనిపించింది.

మేడమీద ఉండే ఓనరుగారికి మాత్రం ఆ గోడవార జాగాకు సిమెంటు చేయించి కారు పెట్టుకోవాలని ఉంది. "వానాకాలంలోగా తీగ మేడెక్కితే జాగా నీదమ్మాయ్. ఎక్కకపోతే నాది" అన్నారు. అమ్మాయి వెంటనే సరేనని, ఆ పూటే తీగ నాటేసింది.

వారం తిరక్కుండానే, ఆమె స్నానానికి వెళ్ళిన సమయంలో, భర్త స్కూటరు వెనక్కి తీస్తూ తీగను చక్రం కింద నలిపేశాడు. వెంటనే నర్సరీకి పరుగెత్తాడు. అంత చిన్న మొక్క అక్కడ లేదు. దొరికినది మూరెడు పొడుగెక్కువ. దాన్నే అదే గుంటలో పెట్టి, మట్టి సర్ది, ఏమీ ఎరగనట్టు పేపరు తెరిచి కూర్చున్నాడు.

"ఏవండీ, చూశారా దీని జోరు? నిన్న కాసేపు కబుర్లు చెప్పానంతే" అంది అమ్మాయి, తడి జుట్టుతోనే తీగ ముందు గొంతుక్కూర్చుని. ఆ మొహం చూశాక అతనికి నిజం చెప్పడానికి నోరు రాలేదు.

తర్వాత కొన్నాళ్ళు తీగ ఉన్నచోటే ఉంది. అమ్మాయి మొహం వాడింది. అతను మళ్ళీ నర్సరీకి వెళ్ళాడు. పై వారం, ఆ పై వారం కూడా వెళ్ళాడు. నర్సరీ ఆయన పాతది తీసుకుని పొడుగుది ఇస్తూ, ఎందుకని అడగడం కూడా మానేశాడు. ఇటు వీధిలోని ఆడవాళ్ళంతా సలహాల కోసం అమ్మాయి దగ్గరకు రాసాగారు. ఎరువేమిటంటే కబుర్లేనని చెప్పేది. ఎదురింటి టీచరు తన గులాబీకి రోజూ ఎక్కాలు అప్పజెప్పడం మొదలుపెట్టింది.

ఓనరుగారు రిటైరైన ఇంజినీరు. వారానికో మూర పెరిగే తీగకు భూమిలో వేరు ఎంత పొడుగుండాలో లెక్క కట్టి హడలిపోయారు. వెంటనే మేస్త్రీని గడ్డపారతో సహా పిలిపించి, పునాది కదలకముందే దీన్ని పీకించాలన్నారు.

అమ్మాయి తీగకు అడ్డం నిలబడింది. తీగ పెరిగినది ఆయనకు చాలలేదేమో అనుకుంది. "నేనింకా గట్టిగా మొదలుపెట్టనేలేదు బాబాయిగారూ. రేపటి నుంచి పాటలు కూడా పాడతాను. నెల తిరిగేలోగా మేడమీది నీళ్ళ ట్యాంకు ఎక్కిస్తా, చూస్తూ ఉండండి."

మేస్త్రీ గోడకు కాస్త ఎడంగా జరిగాడు.

అప్పుడే గేటు తీసుకుని వచ్చిన భర్తకు గడ్డపార కనిపించింది. "ఆగండి బాబాయిగారూ. ఇది ఒక్క అంగుళం కూడా పెరగలేదు. నేనే మారుస్తున్నా" అంటూ మట్టి తప్పించి తీగను పైకెత్తి చూపించాడు. వేరుముద్ద చెంబంత కూడా లేదు.

ఓనరుగారి ప్రాణం లేచొచ్చింది. పునాదికి భయం లేదన్నారు. దాని వెనకే, తీగ తనంతట తాను పెరగలేదు కాబట్టి జాగా తనదేనని కూడా అన్నారు.

అమ్మాయి అదేమీ వినలేదు. "ఎన్నిసార్లు మార్చారు?" అని భర్తను అడిగింది.

"నాలుగు."

"నేను చిన్నబుచ్చుకుంటాననా?"

అతను తలూపాడు. అమ్మాయి మొహం ఏ తీగకూ వెలగనంతగా వెలిగింది.

మెట్ల మీద నిలబడి అంతా విన్న ఓనరుగారి భార్య నెమ్మదిగా దిగి వచ్చింది. "జాగా సంగతి తర్వాత చూద్దాం. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది. నేను చిన్నబుచ్చుకుంటానని మీరెప్పుడైనా ఒక్క మొక్క తెచ్చారా?"

ఓనరుగారు వెంటనే జాగా అమ్మాయిదేనని చెప్పి మేస్త్రీని పంపించేశారు.

మర్నాడు పొద్దున్నే ఆయన నర్సరీలో కనిపించారు. ముప్పై ఏళ్ళకు సరిపడా పొడుగున్న తీగ కావాలట.