ఆరంగుళాల సంక్షేమం

మా కాలనీ సంక్షేమ సంఘం సభ్యులకూ తదితర ప్రజలకూ సంతోషంతో తెలియజేయునది ఏమనగా, మా వాననీటి సమస్య శాశ్వతంగా పరిష్కారమైంది. అధ్యక్షులు రామకోటేశ్వరరావు గారి పాత పెద్ద బండిని ఆరంగుళాలు పైకి లేపించాం.

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో నాలుగు చినుకులు పడితే మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. కాలువ లేక కాదు. ఉంది. దాని మీద ప్రతి ఇంటి ముందూ సిమెంటు ర్యాంపు కూడా ఉంది. కార్లూ స్కూటర్లూ లోపలికి ఎక్కాలి కదా! అందువల్ల కాలువ పూడిక ప్రస్తావన మా సంఘంలో మర్యాద కాదు.

మొన్నటి వానకి ఆటోలు రాక, చివరింటి శౌరమ్మ గారికి డయాలసిస్ తప్పిపోయింది. ఇంకోసారి తప్పితే ప్రాణానికే ముప్పన్నారు డాక్టర్లు. సంఘం చలించిపోయింది.

"నీళ్లు దించడం ప్రభుత్వం పని. బండి లేపడం మన పని. ఆ తల్లి కోసం నా బండిని త్యాగం చేస్తున్నా!" అని అధ్యక్షులు గద్గద స్వరంతో ప్రకటించారు. చందాలు మేం వేసుకున్నాం.

ఎన్ని అంగుళాలో తేల్చడానికి ఉపసంఘం అధ్యక్షులతో కలిసి ఆటోనగర్ వెళ్లింది. మెకానిక్ స్టీఫెన్ బండి కింద దూరి చూశాడు.

"రెండైతే స్ప్రింగుల మీద దిమ్మలు పెడితే సరిపోద్దండి. నాలుగైతే స్ప్రింగులు, షాకబ్జార్లు మార్చాలి. ఆరైతే కింద చాలా మార్చాలండి. పాత బండి, మలుపుల్లో ఊగుద్ది కూడా."

"పక్క కాలనీ ప్రెసిడెంటు ఎంత లేపించాడు?" అన్నారు అధ్యక్షులు.

"నాలుగండి."

సాంకేతిక పరిశీలన అంతటితో ముగిసింది.

లేచిన బండి పోర్టికోలో పట్టకపోతే పైరేకులు తీయించాం. అధ్యక్షుల సతీమణి రాజ్యలక్ష్మి గారు అది ఎక్కలేక గుడికి నడుస్తూ షుగరు తగ్గించుకున్నారు. అది కూడా సంఘం సాధించిన విజయమే. ప్రారంభోత్సవానికి గుమ్మడికాయ కొట్టాం, నిమ్మకాయలు తొక్కించాం, శౌరమ్మ గారి కొడుకు పాల్ చేత ప్రార్థన చేయించాం.

డయాలసిస్ రోజునే వాన దంచింది. బండి రాజసంగా ఆవిడ గేటు ముందు ఆగింది. సీటు ఆవిడ భుజాల ఎత్తున ఉంది. పాల్ ఎక్కించబోతే ఆవిడ మోకాళ్లు వంగలేదు. ఉపసంఘం ప్లాస్టిక్ స్టూలు వేసింది. అది తేలుతూ వెళ్లిపోయింది.

"నన్ను చంపకండి నాయనా, చక్రిని పిలవండి" అందావిడ.

కూరగాయల చక్రి తన తోపుడు బండి తెచ్చాడు. దానికి స్ప్రింగులే లేవు. వంకాయలు ఓ పక్కకి జరిపి ఆవిడని కూర్చోబెట్టి, గొడుగు పట్టి ఆటో దొరికే దాకా తోసుకెళ్లాడు. వెనకాలే అధ్యక్షుల బండి లైట్లన్నీ వేసుకుని, హారన్ కొడుతూ మెయిన్ రోడ్డు దాకా సాగనంపింది. సంఘం కృషి వల్ల డయాలసిస్ సకాలంలో అందిందని ఆ సాయంత్రమే ప్రకటన ఇచ్చాం.

ఆదివారం అభినందన సభలో, కృతజ్ఞతలు చెబుతారని శౌరమ్మ గారికి మైకిచ్చాం.

"కోటేశ్వర్రావు గారూ, అంతెత్తు బండి ర్యాంపు లేకపోయినా లోపలికి ఎక్కుద్ది కదండీ. ఆ సిమెంటు పగలగొట్టి కాలువ తీయించరాదా?"

మైకు కుయ్యిమంది. అధ్యక్షులు మా వైపు చూశారు. మేం ఎవరి ర్యాంపు వైపు వాళ్లం చూసుకున్నాం. ఆ తర్వాత శౌరమ్మ గారికి ఓ ఇనప నిచ్చెన బహూకరించాలని ఏకగ్రీవంగా తీర్మానించాం.

మీ కాలనీలోనూ బండి లేపించే ఆలోచన ఉంటే తప్పక సంప్రదించండి. సలహా ఉచితం. మీ ర్యాంపు ఎంత పొడవో మేం అడగం. మీరూ మమ్మల్ని అడక్కండి.