అచ్యుతరావు గారి బేస్‌మెంట్ భోజనం

ఆ శనివారం ఉదయం రేడియోలో టోర్నడో సుడిగాలి హెచ్చరిక వినగానే అచ్యుతరావు నడుం బిగించాడు. అమెరికాలోని విచిటాలో ఇల్లు కొన్నాక అతనికి ఇదే మొదటి వసంతం. విమానాల ఫ్యాక్టరీలో ఇంజనీరు కాబట్టి గాలి సంగతి తనకంటే ఎవరికీ ఎక్కువ తెలియదని అతని నమ్మకం.

టార్చిలైటు, దుప్పట్లు, మంచినీళ్ళు ఇంటికింద నేలమాళిగలాంటి బేస్‌మెంట్‌లోకి చేరాయి. వాటి వెనకే ఆవకాయ జాడీ కూడా బయల్దేరింది.

“ఏవండీ, దాన్ని కదపకండి! మళ్ళీ కాయలు దొరికేది వచ్చే ఏడాదే. తడి తగిలిందా, బూజే!” అంది భార్య భానుమతి. షికాగో నుంచి ఎవరినో బతిమాలి తెప్పించుకున్న మామిడికాయలవి.

“పైనుంటే గాలికి పోతుంది. కిందే సేఫ్.”

అంతటితో ఆగితే అచ్యుతరావు ఎందుకవుతాడు? ఎంత ఆపదలోనైనా వేడన్నం ఉండాలని రైస్ కుక్కర్ కూడా దించి అల్మరా మీద పెట్టాడు. గోడకి ప్లగ్ పెట్టే చోటు ఒక్కటే ఉంది. ఇల్లమ్మినవాళ్ళు వదిలేసిన పాత మోటారేదో అందులో ఉంటే, పీకేశాడు. తర్వాత అపార్ట్‌మెంట్లలో ఉండే మనవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. “టోర్నడో సైరన్ మోగితే మా ఇంటికి వచ్చేయండి. భోజనం కూడా ఇక్కడే!”

మధ్యాహ్నం కుండపోత వానలో సైరన్ మోగనే మోగింది. స్నేహితుడు జగన్మోహన్, అతని భార్య వసుమతి, పిల్లలు, ఇంకో రెండు కుటుంబాలు బిలబిలమంటూ దిగారు. కాసేపటికి వసుమతి కేకేసింది.

“అక్కా, నా చెప్పులు తేలుతున్నాయి!”

నేలలోంచి నీళ్ళు ఊరుతున్నాయి. పైకి పోతే టోర్నడో, కిందుంటే వరద. భానుమతి జాడీని ఎత్తుకుని మెట్లెక్కి కూర్చుంది. మిగతావాళ్ళూ మెట్లమీద సర్దుకున్నారు.

“అన్నం ఉడికినట్టుందండీ. మరి కూరేదీ?” అన్నాడు జగన్మోహన్.

అందరి చూపులూ జాడీ మీద పడ్డాయి. ఆకలితో ఉన్న పిల్లల్ని చూసి భానుమతి మనసు కరిగిపోయింది. పొడిగరిటె తెప్పించి తలా కాస్త వడ్డించింది. ఆ కాస్తతో ఎవరూ ఆగలేదు. మళ్ళీ అన్నం పెట్టాల్సి వచ్చింది. కుక్కర్ దగ్గరికి వెళ్ళిన భానుమతికి పక్కనే వేలాడుతున్న తీగ కనిపించింది.

“ఏవండీ, ఈ మోటారు గొట్టం బయటికెందుకు పోతోందో చూశారా?”

అచ్యుతరావు గొట్టం వెంట చూసి నాలిక్కరుచుకున్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుని, కుక్కర్ పీకి మోటారు ప్లగ్ పెట్టింది. మోటారు గుర్రుమంటూ నీళ్ళు తోడెయ్యడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఎండ కాసింది. టోర్నడో ఎక్కడో పొలాల మీదుగా వెళ్ళిపోయిందట. వచ్చినవాళ్ళు కడుపునిండా తిని, వెయ్యి దండాలు పెట్టి వెళ్ళారు. భానుమతి జాడీలోకి తొంగిచూసింది. ఏడుద్దామనుకుంది గానీ నవ్వొచ్చింది. “ఇల్లు కొన్నాక ఇవాళే మనిల్లులా ఉందండీ,” అంది.

అచ్యుతరావుకి ప్రాణం లేచొచ్చింది. “చూశావా, నీ జాడీకి తడి తగలనిచ్చానా?”

నిజమే, జాడీలో తడి లేదు, ఆవకాయా లేదు.