ఎర్విన్ పొలానికి విలువ కట్టిన రోజు

మనిషి చావుకు ముహూర్తం పెట్టేది దేవుడని నెబ్రాస్కా పల్లెల్లో ప్రతి చర్చిలోనూ చెబుతారు. జిల్లా వారసత్వ భూముల మదింపు మండలి మాత్రం ఈ మాట ఒప్పుకోదు.

ఆ మండలి పని మీదే ఎనభై ఒకటో ఏట లుద్మిలా హావ్రానెక్ సంచి సర్దుకుంది. పొలం పత్రాలు, నలభై ఏళ్ళ పన్ను రసీదులు, మధ్యాహ్నానికి రెండు గసగసాల కొలాచీ రొట్టెలు, ఒక సీసాలో పొలం మట్టి. (నేలకు విలువ కట్టేవాళ్ళు నేలను చూస్తారని ఆమె భ్రమ.)

తండ్రి నూట అరవై ఎకరాలూ తమ్ముడు ఎర్విన్ పేర రాసి పోయాడు. ఎర్విన్ ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. పొలాన్ని అక్క పేరుకు మార్చవచ్చని ఇన్నేళ్ళకు కోర్టు ఒప్పుకుంది. మార్చి ఒకటిలోపు లెక్క తేలకపోతే మాత్రం అది దిక్కులేని భూమిగా వేలానికి వెళుతుంది. (ఇక్కడ కౌళ్ళూ కాపురాలూ అన్నీ మార్చి ఒకటినే మారతాయి. దిక్కులేనితనం కూడా.)

మండలి తరఫున లెక్కలు చూసే కర్టిస్ బ్రాంట్ మట్టి సీసాను మర్యాదగా పక్కకు జరిపాడు.

"మట్టి అక్కర్లేదాంటీ. యజమాని పోయిన రోజు ఎకరా ధరెంతో, అదే విలువ. ఆ తేదీ ఒక్కటి చెప్పండి చాలు."

"వాడు పోయాడని నీకెవరు చెప్పార్రా?"

"తొమ్మిదో నిబంధన చెప్పింది. ఆచూకీ లేని యజమాని తన వారసులకు అనువైన తేదీన మరణించినట్టు భావించవచ్చు. ఆదివారాలు తప్ప. ఆఫీసుకు సెలవు."

తరువాత కర్టిస్ గోడ మీది ధరల పట్టిక ముందు, బట్టల కొట్లో చీటీగుడ్డలు విప్పి చూపేవాడిలా నిలబడ్డాడు.

"రెండు వేల పదమూడులో పోయాడనుకోండి. ఎకరా ఏడు వేలు! అమ్మినప్పుడు ఆ ధరకు మించి వచ్చినదానికే పన్ను, రేపు అమ్మినా మీకు పడదు. బంగారం లాంటి చావు. మా మామగారు ఆ ఏడు పోవాల్సింది, మూర్ఖంగా ఇంకో నాలుగేళ్ళు బతికాడు."

"ఆ ఏడు కూడా వాడికి క్రిస్మస్ కార్డు రాశాను."

"జవాబొచ్చిందా?"

"పోస్టు చెయ్యలేదు. చిరునామా ఉంటేగా?"

కర్టిస్ ఈ సంగతి దరఖాస్తులో ఏ గడిలో రాయాలో వెతికాడు. గడి లేదు.

"సరే, వాడు తిరిగొస్తేనో?" అంది లుద్మిలా.

"దానికీ నిబంధన ఉంది. తిరిగి వచ్చిన యజమాని మదింపు రుసుము కట్టి, ఇంకా బతికుండటానికి కారణం మూడు ప్రతుల్లో తెలపాలి."

"ఇంటికి రావడానికి బద్ధకించేవాడు మూడు ప్రతులు రాస్తాడటరా?" అందామె. ఆమెకు నవ్వు వస్తుందేమోనని కర్టిస్ ఎదురుచూశాడు. రాలేదు.

"ఆంటీ, ఇవాళ ఇరవై ఎనిమిది. రేపే ఒకటి. తేదీ లేకపోతే పొలం పోతుంది."

లుద్మిలా కలం అందుకుని, మళ్ళీ కింద పెట్టింది. పొలం ఉంటే, ఎప్పటికైనా వచ్చినవాడికి కాలు పెట్టడానికి చోటుంటుంది. పొలం ఉండాలంటే, వచ్చేవాడు పోయాడని రాయాలి.

"చూడనిది రాయను. చూసింది రాస్తాను," అంది చివరికి. "బ్యాంకువాళ్ళు పిలిచారని, సాయంత్రానికి వచ్చేస్తానని బయలుదేరాడు. ఆ తేదీ తెలుసు."

కర్టిస్ పట్టిక చూసి తల పట్టుకున్నాడు. "ఎకరా ఆరు వందలు! ఇంతకంటే చవక ఏడాది ఈ పట్టికలోనే లేదు. నిండా మునుగుతారాంటీ!"

"అమ్మితే కదరా మునిగేది."

దరఖాస్తు ఆరు నిమిషాల్లో ఆమోదం పొందింది. మండలి చరిత్రలో ఒక వారసురాలు నష్టపు తేదీని ఎంచుకోవడం ఇదే మొదటిసారి అని అధికారి ఎర్ర సిరాతో రాసి, పొరపాటు కాదని ఆమె చేత మరో సంతకం పెట్టించుకున్నాడు. పొలం ఆమె పేరుకు మారింది. చిట్టాలో ఆమె చేతిరాతతో ఒక్క వాక్యం ఉంది:

ఎర్విన్ హావ్రానెక్, 1986 అక్టోబరు 14, మంగళవారం, తిరిగి రాలేదు.