చీటీలు పీకిన అల్లుడు

లాండ్రీ షాపు నడిపే అత్తగారు ఆ ఉదయం కంటి ఆపరేషనుకి బయలుదేరుతూ అల్లుడి ముందు ఒక మాట విసిరింది.

"అల్లుడుగారూ, సాయంత్రానికల్లా వచ్చేస్తా. ఈ ఒక్కరోజు షాపు సక్రమంగా నడిపారా, రేపట్నుంచి గల్లాపెట్టె దగ్గర కుర్చీ మీదే."

ఆ కుర్చీ కోసం అల్లుడు మూడేళ్లుగా గుంటనక్కలా కాచుకుని ఉన్నాడు. పైగా మేనేజ్‌మెంట్ కోర్సు చదివినవాడు. "నిశ్చింతగా వెళ్లిరండి అత్తయ్యగారూ. మేనేజ్ చెయ్యడం నాకు వెన్నతో పెట్టిన విద్య!"

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో, అతని చూపు ఇస్త్రీ బట్టల మీద పడింది. ప్రతి కాలరుకీ, ప్రతి నడుముపట్టీకీ పిన్నీసుతో గుచ్చిన గుడ్డచీటీ. దాని మీద బట్టలిచ్చినవాళ్ల నంబరు. ఛీ, ఇదేం అవతారం! గంటలో నాలుగొందల చీటీలు పీకి పొయ్యిలో పడేసి, బట్టల్ని రంగులవారీగా ఇంద్రధనుస్సులా పేర్చాడు.

భార్య చూసి గుండెలు బాదుకుంది. "ఏమండీ! ఎవరివి ఎవరికిస్తారిప్పుడు?"

"మనిషిని చూస్తే కొలత తెలీదుటే? చూస్తూ ఉండు."

చూస్తూనే ఉంది పాపం. బ్యాంకు మేనేజరు సూటు బ్యాంకు గార్డుకి వెళ్లింది. గార్డు యూనిఫారం మేనేజరుకి వెళ్లింది. హడావుడిలో ఇద్దరూ చూసుకోకుండా తొడుక్కున్నారు. జనం మేనేజరుని "తలుపు తియ్యవయ్యా" అని గదిమారు. గార్డుని లోపలి గదిలో కూర్చోబెట్టి దణ్ణాలు పెట్టారు. గార్డు మొహమాటస్తుడు, సెలవడిగిన ప్రతి గుమాస్తాకీ ఇచ్చేశాడు. పదకొండింటికల్లా బ్యాంకులో ఈగలు తప్ప ఎవరూ లేరు.

కబురు తెలిసి అల్లుడు మైకు పుచ్చుకున్నాడు. "తమవి కాని బట్టలు తొడుక్కున్నవారు తక్షణం తెచ్చి ఇవ్వాలి!"

జనం బుద్ధిమంతులు. పరుగున వచ్చి అక్కడికక్కడే విప్పి ఇచ్చారు. మధ్యాహ్నానికి షాపు ముందు కొండంత బట్టలగుట్ట, చుట్టూ తువ్వాళ్లు చుట్టుకున్న మూడొందల మంది! ఆ తువ్వాళ్లు కూడా ఎవరివో దేవుడికే తెలియాలి.

అనుకున్నదానికన్నా ముందే బండి దిగింది అత్తగారు. ఒక కంటికి కట్టు. మిగిలిన ఒక్క కన్నూ తేలేసింది.

కాలేజీ ఇంగ్లీషు మాస్టారు తువ్వాలు బిగించుకుంటూ ముందుకొచ్చాడు. "దీనికి ఇంగ్లీషులో ఓ మాటుందమ్మా, మిస్‌మేనేజ్ అని. చేతికిచ్చిన పనిని చేతులారా తగలెయ్యడం. వాక్యంలో వాడాలంటే..."

"వాక్యమెందుకు మాస్టారూ, వీధంతా వాడేశాడుగా!" అంది అత్తగారు.

ఆవిడ గుట్ట పక్కన చతికిలబడి, ఒక్కో కాలరూ తడిమి, వాసన చూసి పిలవడం మొదలెట్టింది. "సుద్దముక్క వాసన, మీదే మాస్టారూ. ఇది దర్జీది, తన గుండీ తను కుట్టుకోడు." కూతురు అందుకుని పంచింది. చీకటి పడేలోగా గుట్ట కరిగిపోయింది. కుర్చీ కూతురికి దక్కింది.

అల్లుడు అరుగు మీద కూలబడ్డాడు. మాస్టారు భుజం తట్టాడు. "బెంగపడకు బాబూ. మా కాలేజీలో మేనేజ్‌మెంట్ చెప్పే మనిషి లేడు. రేపే వచ్చెయ్."

అత్తగారు నోరెళ్లబెట్టింది. "ఇంత జరిగాక కూడానా?"

"చెయ్యడం కాదమ్మా, చెప్పడమేగా!"

రెండేళ్లు తిరక్కుండా అతను ఆ కాలేజీకి ప్రిన్సిపాలయ్యాడు.