ప్రభుత్వ పూర్వీకుడు

బత్వా ప్రజలకు భూమి హక్కు, సంస్కృతి హక్కు ఒకే రోజున, ఒకే వేదికపై ప్రసాదింపబడునని మంత్రి కబగంబె కిసోరో పట్టణంలో ప్రకటించినప్పుడు, చప్పట్లు కొట్టినవారిలో బత్వా ముసలి సెమజేరి అందరికన్నా ముందున్నాడు. గొరిల్లాలకు ఇబ్బంది కలుగుతున్నదని ప్రభుత్వం తన వాళ్లను అడవినుండి బయటికి పంపిన నాటినుండి, అతడు ఒక రైతు బంగాళాదుంపల చేనిగట్టున గుడిసె వేసుకుని ఉన్నాడు. పంట తీయగానే గట్టు ఖాళీ చెయ్యాలని రైతు చెప్పి ఉన్నాడు. అందుచేత హక్కు కాస్త తొందరగా వస్తే బాగుండునని అతని కోరిక.

అతనికి ఇవ్వడానికి అడవి అంచున రెండెకరాలు చూశారు. భూమి అధికారి చిన్న సందేహం వెలిబుచ్చాడు.

"ఇది మీ నేలేనని ఎలా నమ్మేది పెద్దాయనా? మీ తాతల సమాధులు చూపించు."

"మాకు సమాధులుండవయ్యా. మనిషి పోతే గుడిసెను అతని మీదికే కూల్చి వెళ్లిపోతాం. మళ్లీ అటు తిరగం."

"మావాళ్లవి చూడు, అరటితోటలో వరసగా ఉంటాయి."

"వాటి పక్కనే నిద్రపోతారా?" అంది సెమజేరి భార్య న్యిరసఫారి. "ఎంత గుండెధైర్యమయ్యా మీకు."

సంగతి విని మంత్రిగారి హృదయం ద్రవించింది. సమాధి లేని కారణాన ఒక జాతి భూమిని కోల్పోవడం ఆయన సహింపలేకపోయారు. వారం తిరగకుండా ఆ రెండెకరాల నడుమ ప్రభుత్వ వ్యయంతో సిమెంటు సమాధి లేచింది. పలకమీద 'బత్వా పూర్వీకుడు' అని చెక్కించారు. పేరు తరువాత నిర్ణయింపబడునట.

పట్టా చేతికి రాగానే సెమజేరి గుడిసెకోసం వెదుళ్లు మోసుకొచ్చాడు. అధికారి అడ్డుపడ్డాడు.

"ఇక్కడ సమాధి ఉంది కదా. పోయినవాళ్లున్న చోట మీరు ఉండరు. అది మీ సంస్కృతి."

"అందులో ఎవరూ లేరు కదయ్యా."

"లేరా? అయితే పట్టా ఇటు తే."

సెమజేరి పట్టా వైపు, సమాధి వైపు మార్చి మార్చి చూశాడు. "ఉన్నాడు," అన్నాడు.

"ఎవరు?" అంది న్యిరసఫారి.

"మా తాత."

"మీ తాత కాంగోలో కదా పోయాడు?"

"తిరిగొచ్చాడు. నువ్వూరుకో."

"అయితే బయలుదేరండి," అన్నాడు అధికారి, టోపీ తీసి సమాధికి నమస్కరిస్తూ. సంస్కృతి పరిరక్షణలో ప్రభుత్వం రాజీపడబోదని మంత్రిగారు ఆ సాయంత్రమే రేడియోలో చెప్పారు.

ఖాళీ నేల వృథా కారాదని మంత్రిగారి బావమరిది అక్కడ టూరిస్టు హోటల్ కట్టించాడు. అతడు బత్వా కాడు గనుక ఆచారం అతనికి వర్తించదు. ఈలోగా రైతు పంట తీశాడు. సెమజేరి దంపతులు రోడ్డు పక్కకు మారారు. అయితే సెమజేరికి ఉద్యోగం దొరికింది: విదేశీయులు వచ్చినప్పుడు పూర్వీకుని వద్ద విలపించడం, పొద్దుగూకేలోగా ఆచారం ప్రకారం వెళ్లిపోవడం.

ఒక ఉదయం కొత్త గదులను సమాధి గోడకు ఆనించి కడుతుండగా చూసి అతడు మేనేజరు దగ్గరికి వెళ్లాడు.

"దాని పక్కనే జనాన్ని పడుకోబెడతారా అయ్యా? భయం లేదూ?"

"అందులో ఎవరూ లేరుగా, పెద్దాయనా. బస్సు వచ్చింది, ఏడుపు మొదలుపెట్టు."