పడవలకన్నా ముందొచ్చిన వార్త

ఆ ఉదయం నానాజీ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. టిఫిను తిని తీరిగ్గా అనకాపల్లిలో బండి ఎక్కాలి. ఎలమంచిలిలో టీ తాగాలి. పడవలు ఒడ్డుకు చేరే వేళకి రాజయ్యపేట ఇసకలో నిలబడాలి. రెండు ఫొటోలు తీసుకుని, నిన్ననే రాసి పెట్టుకున్న వార్తలో అంకెలు సరిచేయాలి. సాయంత్రం ఆరింటికి అది దానంతటదే వెబ్‌సైట్‌లోకి వెళ్ళిపోతుంది.

రెండు నెలల వేట నిషేధం ముగిసి, పడవలు మళ్ళీ సముద్రంలోకి వెళ్ళిన రోజు అది. పట్టబోయే చేపల గురించి నిన్ననే ఎలా రాశాడని అడగకండి. ‘మన తీరం’ వెబ్‌సైట్‌లో పని అలాగే జరుగుతుంది. దాని యజమాని చంద్రమౌళి సిద్ధాంతం ఒకటే: “పెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చున్నాక పొయ్యి వెలిగించేవాడు వంటవాడే కాదు. జరగబోయేది ముందే రాసిపెట్టుకో. జరిగేక పేర్లు మార్చి వదిలెయ్.” ప్రారంభోత్సవాలు, సన్మానాలు, బెల్లం మార్కెట్లో రద్దీ, అన్నీ ఆ పద్ధతిలోనే వచ్చేవి.

ఒక్కసారి మాత్రం ఎదురుతిరిగింది. గొలుగొండలో ఓ భవనం ప్రారంభోత్సవానికి ‘జోరు వానను లెక్కచేయక జనం పోటెత్తారు’ అని నానాజీ ముందే రాసిపెట్టాడు. వాన వచ్చింది. జనం రాలేదు, ప్రారంభోత్సవం వాయిదా పడింది, వార్త మాత్రం వచ్చేసింది. చంద్రమౌళి మండిపడ్డాడు. “ముందే రాయమన్నాను గానీ అబద్ధం రాయమన్నానా? ఇంకొక్కసారి జరగంది జరిగినట్టు మన సైట్‌లో కనబడితే నువ్వు ఇంటికే!”

ఆ రెంటికీ తేడా ఏమిటో నానాజీకి బోధపడలేదు. ‘ఇంటికే’ అన్నది మాత్రం బాగా బోధపడింది. ఇంటి దగ్గర నాన్న చెరుకు తోట ఉంది. చెరుకాకు ఒంటికి తగిలితే ఎంత దురదో అతనికి తెలుసు.

దిబ్బరొట్టె మీద చట్నీ వేసుకుంటుండగా ఫోను మోగింది. చంద్రమౌళి.

“నానాజీ! ఏం రాసేవయ్యా! సైట్ తట్టుకోలేకపోతంది. ఇంతమంది మనల్ని ఎప్పుడూ చదవలేదు!”

“ఏది సార్?”

“అదేనయ్యా, రాజయ్యపేట ముక్క. తొలి రోజే పది టన్నుల కానాగంత చేపలు! శభాష్!”

ఫోను పెట్టేశాక నానాజీ గోడ గడియారం వైపు చూశాడు. ఏడున్నర. పడవలు ఇంకా నడిసముద్రంలో ఉన్నాయి.

అతని భార్య సుప్రియ లాప్‌టాప్ తిప్పి చూసింది. “సాయంత్రం ఆరుకి బదులు పొద్దున్న ఆరు పెట్టేరు. మీకిది కొత్తేటి? పెళ్ళిచూపులకీ ఒక రోజు ముందే వచ్చేరు.”

“తీసేయ్! వెంటనే తీసేయ్!”

తియ్యడానికి సైట్ తెరుచుకోవాలి. జనం తాకిడికి అది గుండ్రంగా తిరుగుతూనే ఉంది. సుప్రియ తన ఫోను చూపించింది. వార్త అప్పటికే వాళ్ళ పిన్ని గ్రూపులోకి, అపార్ట్‌మెంటు గ్రూపులోకి, పాలవాడి గ్రూపులోకి వచ్చేసిందని చెప్పింది. నానాజీ తన రాతలు తనే చదువుకున్నాడు. ‘గంగమ్మ తల్లి కరుణించింది. పడవ యజమాని ధనరాజు ఆనందబాష్పాలు ఆపుకోలేకపోయారు. మా బతుకుల్లో వెలుగు నిండిందని ఆయన తల్లి ఎరుకమ్మ అన్నారు.’ కింద పోయినేడాది ఫొటో.

ధనరాజు అతనితో డిగ్రీ చదివినవాడు. బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఫోను చేస్తే అందుబాటులో లేడంది. సముద్రంలో ఉన్నవాడు ఎలా అందుతాడు? పడవలు ఖాళీగా వస్తే ధనరాజు స్నేహం పోతుంది, ఉద్యోగం పోతుంది, చెరుకు తోట మిగులుతుంది. నానాజీ దిబ్బరొట్టె వదిలేసి బండి తీశాడు.

ఎలమంచిలి టీ కొట్టు దగ్గర ఐసు లారీ ఒకటి ఆగి ఉంది. వెనక ఇంకోటి. ఆ వెనక ఇంకోటి. నానాజీ బండి ఆపాడు.

“ఎక్కడికి అన్నా?” అని మొదటి లారీ డ్రైవరుని అడిగాడు. అతని పేరు సత్తియ్య. టీ ఊదుకుంటున్నాడు.

“రాజయ్యపేట. సదవలేదేటి?” అంటూ సత్తియ్య ఫోను చూపించాడు. నానాజీ వార్తే!

“అది తప్పు వార్తన్నా. వెనక్కి వెళ్ళిపోండి. అది రాసింది నేనే.”

సత్తియ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. చొక్కా మీద చట్నీ మరక దగ్గర కాసేపు ఆగాడు. “నీ మొగం సూత్తే రాసేవోడి లాగుందేటి? తప్పుకో, నాకు టైమైపోతంది.”

రాజయ్యపేట చేరేసరికి తీరం తిరునాళ్ళలా ఉంది. విశాఖపట్నం నుంచి చేపల వ్యాపారులు వ్యాన్లతో దిగారు. ఓ చిన్న నాయకుడు శాలువా పట్టుకుని, డప్పుల వాళ్ళని వెంటేసుకుని, ధనరాజుని సన్మానించడానికి నిలబడ్డాడు. లేనిదల్లా ధనరాజు. సముద్రం మీద పడవన్నదే లేదు.

ఒడ్డున ఆడవాళ్ళు బుట్టలు బోర్లించుకుని వరసగా కూర్చున్నారు. అక్కడి ఆచారం అది. పడవ కనబడేదాకా బుట్ట వెల్లకిలా పెట్టరు, చేపల మాట ఎత్తరు. ఎత్తితే వేట చెడుతుందని నమ్మకం. వరసలో మొదటి ఆమె లేచి చీర కుచ్చెళ్ళు దోపుకుంది. ఎరుకమ్మ.

“రా అల్లుడా, రా. నీ కోసవే సూత్తన్నాను.”

“అత్తా, నా మాట విను...”

“నా బతుకులో ఎలుగు నిండిందని నానెప్పుడన్నాన్రా? నిన్నట్నుంచి మా ఈదిలో కరెంటే లేదు!” ఆమె అతని కాలరు అందుకుంది. “పడవ అగుపించకుండా ఏట మాటెత్తకూడదని నీకు తెల్దా? నాను బుట్ట బోర్లించి నోరు కట్టుకుని కూకుంతే, నువ్వు ఊరూరా టముకేసేవు. నా కొడుకు ఒట్టి పడవతో వచ్చేడా, నిన్ను ఈ ఇసకలోనే ఎండబెట్టేత్తాను!”

దాచి లాభం లేదనుకున్నాడు నానాజీ. కాలరు ఆమె చేతిలో ఉండగానే ఓ ఐసు పెట్టె ఎక్కి గట్టిగా అరిచాడు. “అయ్యా! పొరపాటు జరిగింది. చేపలు పడ్డాయన్నది అబద్ధం. అందరూ దయచేసి వెళ్ళిపోండి!”

డప్పులు ఆగాయి. వ్యాపారుల్లో పెద్దవాడు వెంకటరమణ మెల్లగా ముందుకొచ్చాడు. వేళ్ళకి ఉంగరాలు, చంకలో తోలు సంచి.

“సరుకు లేదంటావు?”

“లేదండి.”

“మమ్మల్ని ఎల్లిపొమ్మంటావు?”

“అవునండి.”

వెంకటరమణ నవ్వాడు. “ఏ పార్టీ తరపునొచ్చేవు?”

“పార్టీ ఏటండి?”

“మమ్మల్ని తోలేసి మొత్తం సరుకు నువ్వొక్కడివే ఎత్తుకుపోదావనా? నీలాటి దళారీలని రోజూ సూత్తన్నాను.” వెంటనే మిగతావాళ్ళ వైపు తిరిగాడు. “కానాగంతలు, కిలోకి పోయినేటి రేటు మీద పది రూపాయలెక్కువ. నాది మొదటి పాట!”

“పదిహేను!” అన్నాడు వెనకనుంచి ఇంకొకడు.

“అయ్యో, వినండి! చేపలు లేవు! నిజంగా లేవు!” నానాజీ గొంతు చించుకున్నాడు.

“సూసేరా, ఎంత కంగారు పడతన్నాడో! ఇరవై!”

ఎరుకమ్మ చెయ్యి కాలరు మీద కొంచెం సడలింది. వ్యాపారుల వైపు చూసింది. నానాజీ వైపు చూసింది. గొంతు తగ్గించింది.

“అల్లుడా, ఇంకోపాలి సెప్పు, సేపల్లేవని.”

“అత్తా!”

“సెప్పమన్నాను కదా. ఈ తడవ ఏడుత్తూ సెప్పు.”

ఏడవడానికి నానాజీ ప్రత్యేకంగా కష్టపడనవసరం లేకపోయింది. పాట ముప్పై దాటింది. ఇంతమంది, ఇన్ని లారీలు, ఇంత రేటు. ఇప్పుడు ఖాళీ పడవలు గనక వస్తే అతన్ని పంచుకోడానికి ఎరుకమ్మకి తోడు వీళ్ళంతా ఉన్నారు.

“అదిగో!” అని ఎవరో కేకేశారు.

సముద్రం చివర ఒక చుక్క. దాని వెనక మరికొన్ని. తీరమంతా చడీచప్పుడూ లేదు. ఐసు కరిగి లారీల కింద బొట్లు పడుతున్న శబ్దం వినిపిస్తోంది. ఎరుకమ్మ కాలరు వదిలేసింది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. పడవలో ఎవరున్నారని కాదు ఆమె చూసేది. పడవ నీళ్ళలో ఎంత లోతుగా కూర్చుందని.

నానాజీ ఐసు పెట్టె మీద మునివేళ్ళ మీద లేచి చూశాడు.

ఎరుకమ్మ వెనక్కి నడిచి వెళ్ళి, వంగి, బోర్లించిన తన బుట్టని వెల్లకిలా తిప్పింది. ఆ వెంటనే వరస వరసంతా బుట్టలు తిరిగాయి.

నానాజీ ఐసు పెట్టె మీదే కూలబడ్డాడు.

పడవల నిండా చేపలే. సగం కానాగంతలు, సగం కవ్వళ్ళు. పది టన్నులు ఉన్నాయో లేదో తూచే ఓపిక ఎవరికీ లేదు. పోయినేడాది తొలి రోజున ఇలాగే విరగబడితే, ఐసు అందక సగం సరుకు ఇసకలో ఎండబెట్టి కారుచౌకగా అమ్ముకున్నారు. ఈసారి చేప నీళ్ళలోంచి వచ్చి నేరుగా ఐసులో పడింది.

ధనరాజు తడి లుంగీతో దిగాడు. డప్పులు మోగాయి, శాలువా మీద పడింది. ఎవరో ఫోను మూతి దగ్గర పెట్టి ఎలా ఉందని అడిగారు.

“ఆకలేత్తంది,” అన్నాడు ధనరాజు. ఆనందబాష్పాలేవీ రాలేదు. అప్పుడు లారీల వరస చూసి తెల్లబోయాడు. “ఒరే, మాకు సేపలు పడ్డాయని ఈళ్ళకెవడు సెప్పేడ్రా?”

ఊరంతా నానాజీ వైపు చూసింది.

“నానే బావా,” అన్నాడు నానాజీ, లేవకుండానే. “పొద్దున్నే సెప్పేను.”

అప్పుడే చంద్రమౌళి ఫోను చేశాడు. “నానాజీ, ఒడ్డున ఎవడో మన వార్త అబద్ధమని పెట్టెక్కి అరిచేడంట. ఎవడయ్యా ఆడు?”

నానాజీ చొక్కా కాలరు సరిచేసుకున్నాడు. “ఎవడో దళారీ సార్.”

“అలాంటోళ్ళని పట్టించుకోకు. నువ్వుండగా మన సైట్‌కి ఢోకా లేదు.”

నానాజీ ఫోను జేబులో పెట్టుకుని, పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలాడు. చల్లటి గాలి తగిలింది. ఆకలి కూడా తెలిసింది. ఎరుకమ్మ సంచినిండా కానాగంతలు తెచ్చి అతని ఒళ్ళో పెట్టి, చుట్టూ చూసి, చెవి దగ్గరకి వంగింది.

“అల్లుడా, రేపటిది రాసీసేవా?”

“లేదత్తా. ఇకమీదట ఏదైనా జరిగేకే రాత్తాను. ఒట్టు.”

అన్నట్టే ఆ సాయంత్రం ఇంటికొచ్చి, సుప్రియ చేపలు పులుసు పెడుతుండగా, కళ్ళారా చూసింది చూసినట్టు రాశాడు. కవ్వళ్ళ సంగతి రాశాడు, ధనరాజు ఆకలి రాశాడు, ఎరుకమ్మ బుట్ట తిప్పిన సంగతి రాశాడు. ఆరింటికి తన చేత్తోనే సైట్‌లో పెట్టాడు.

దాన్ని మొత్తం పదకొండు మంది చదివారు. అందులో ఒకాయన, ఇది పొద్దున వచ్చిన పాత వార్తే కదా అని కామెంటు పెట్టాడు.